చవక పిస్టల్ కొనొచ్చు, కానీ రాత్రిపూట అది ఎక్కడుంటుంది?

ప్రశ్న: అన్నా, నమస్తే. మేం డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాం. పోయినేడాది గ్రీన్ కార్డ్ వచ్చింది. ఈ మధ్య మా వీధిలోనే మనవాళ్ళింట్లో దొంగలు పడి బంగారం ఎత్తుకుపోయారు. అప్పట్నుంచి మా ఆవిడకి సరిగ్గా నిద్ర లేదు. షూటింగ్ రేంజ్‌లో నేర్చుకోవడానికీ, ఇంట్లో రక్షణకీ పనికొచ్చేలా ఒకే ఫుల్ సైజ్ 9 ఎంఎం పిస్టల్ కొందామనుకుంటున్నాం. షాపులో టారస్ జీ3 సుమారు 300 డాలర్లు చెప్పారు, కానిక్ టీపీ9ఎస్‌ఎఫ్ 400 పైన, గ్లాక్ 17 అయితే 550. చవకది కొంటే అవసరానికి మొరాయిస్తుందని ఒకరు, పేరుకి అంత డబ్బు దండగని ఇంకొకరు. మాకు ఆరేళ్ళ పాప ఉంది. వచ్చే నెల విజయవాడ నుంచి అమ్మానాన్న వస్తున్నారు. మా బావమరిది హెచ్-1బీ మీద మా ఇంట్లోనే ఉంటున్నాడు, వాడికీ నేర్పిద్దామని ఉంది. మేం ఎవ్వరం ఇంతవరకు గన్ ముట్టుకోలేదు. ఏది తీసుకోమంటారు?
— ఒక పాఠకుడు, ఫ్రిస్కో

జవాబు: ముందు మీ బావమరిది సంగతి తేల్చేద్దాం, పిస్టల్ సంగతి తర్వాత. వాడికీ నేర్పిద్దామని మీరు మామూలుగా రాసేశారు గానీ, మీ ఉత్తరం మొత్తంలో ప్రమాదకరమైన వాక్యం అదే. నాన్ ఇమ్మిగ్రెంట్ వీసా మీద ఈ దేశానికి వచ్చినవాళ్ళు గన్ గానీ, తూటాలు గానీ దగ్గర ఉంచుకోకూడదని 1998 నుంచి ఫెడరల్ చట్టం ఉంది. హెచ్-1బీ, ఎఫ్-1, టూరిస్టు వీసా అన్నీ అందులోకే వస్తాయి. కొనడం ఒక్కటే కాదు, రేంజ్‌లో అద్దె గన్ చేతిలోకి తీసుకోవడం కూడా ఆ లెక్కలోకే వస్తుంది. వేట లైసెన్స్ ఉన్నవాళ్ళకి ఒక మినహాయింపు ఉంది. మన స్టూడెంట్లు కొందరు ఆ దారిన కొంటున్నారు కూడా. మీ బావమరిదికి నిజంగా అంత ఆసక్తి ఉంటే ముందు ఇమ్మిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడాలి. రేంజ్ కౌంటర్ దగ్గర కుర్రాడు పర్లేదన్నాడని వెళ్ళకూడదు. మీరు కొని వాడి చేతికివ్వడం ఇంకా పెద్ద తప్పు.

మీ అమ్మానాన్నలు టూరిస్టు వీసా మీద వస్తుంటే వాళ్ళకీ ఇదే వర్తిస్తుంది. కాబట్టి ఇంట్లో గన్ పెట్టే సేఫ్ కోడ్ మీ ఇద్దరికి తప్ప ఇంకెవరికీ తెలియకూడదు. "నాన్నకి తెలిస్తే ఏమవుతుందిలే" అనుకోకండి.

గ్రీన్ కార్డ్ ఉంది కాబట్టి మీరిద్దరూ నిక్షేపంగా కొనుక్కోవచ్చు. షాపులో 4473 అనే ఫారం నింపుతారు, అందులో మీ ఇమ్మిగ్రేషన్ ఏ-నంబర్ రాయాలి, టెక్సాస్ అడ్రస్ ఉన్న ఐడీ చూపించాలి. బ్యాక్‌గ్రౌండ్ చెక్ కొన్ని నిమిషాల్లో అయిపోవచ్చు, ఒక్కోసారి మూడు పనిదినాలు ఆగమనొచ్చు. కంగారు పడకండి. కానీ ఒకటి గుర్తుంచుకోండి. గన్ చట్టాల కింద శిక్ష పడితే సిటిజన్‌కి అది జైలుతోనో జరిమానాతోనో పోతుంది. మనకి అలా కాదు, గ్రీన్ కార్డ్ ఉన్నా దేశం నుంచి పంపేయడానికి అదొక కారణం అవుతుంది.

ఇక మీ ఆవిడ భయం. అది ఉత్త భయం కాదు. ఇండియన్ ఇళ్ళలో బంగారం ఉంటుందని తెలిసి ఏరి కోరి మనవాళ్ళ, ఇతర ఆసియావాళ్ళ ఇళ్ళనే ఎంచుకున్న ముఠా ఒకటి 2011 నుంచి 2014 దాకా జార్జియా, న్యూయార్క్, ఒహాయో, మిషిగన్, టెక్సాస్‌లలో ఇళ్ళలోకి జొరబడి దోచుకుంది. దాని నాయకురాలు హ్యూస్టన్ మనిషి, 2019లో ఆమెకి 37 ఏళ్ళ జైలు పడింది. మనుషులు ఇంట్లో ఉండగానే, పిల్లల ముందే చేసిన దోపిడీలవి. అయితే మామూలు దొంగతనాలు ఎక్కువగా ఇంట్లో ఎవరూ లేనప్పుడే జరుగుతాయి. మీ వీధిలో జరిగింది కూడా అలాంటిదే అయి ఉంటే, ఆ ఇంట్లో పిస్టల్ ఉన్నా ఒరిగేదేమీ లేదు. బంగారంతో పాటు అదీ పోయేది. అందుకని మొదటి ఖర్చు గన్ మీద పెట్టొద్దు. నగలు బ్యాంకు లాకర్లో పెట్టండి. వీధి తలుపు గొళ్ళెం పడే ఇనుప పలకకి బిల్డర్ పొట్టి స్క్రూలు కొట్టి ఉంటాడు, అవి తీసేసి మూడంగుళాల స్క్రూలు వేయండి. పది డాలర్లు కూడా కాదు, కాలితో తన్నినా తలుపు అంత తేలిగ్గా ఊడిరాదు.

అన్నీ చేశాక కూడా గన్ కావాలనిపిస్తే, మీరు ఫుల్ సైజే అనుకోవడం మంచిది. కొత్తవాళ్ళు చాలామంది చిన్నగా, ముద్దుగా ఉందని జేబులో పట్టే పిస్టల్ కొంటారు. తర్వాత చెయ్యి అదిరిపోతోందని రేంజ్‌కి వెళ్ళడం మానేస్తారు. పిస్టల్ ఎంత చిన్నదైతే అంత ఎగురుతుంది. పెద్దదానికి బరువుంటుంది, ఆ బరువే అదురుని మింగేస్తుంది. చిటికెనవేలితో సహా మూడు వేళ్ళూ పిడి మీద ఆనుతాయి. గురి చూసే ముందు సైట్‌కీ వెనక సైట్‌కీ దూరం ఎక్కువ కాబట్టి గురిలో తప్పు కంటికి తెలుస్తుంది. పిస్టల్ పైభాగంలో జారే స్లైడ్‌ని వెనక్కి లాగడం కూడా చిన్నవాటికన్నా సాధారణంగా తేలికే. మీరు బెల్టుకి కట్టుకుని తిరగబోవడం లేదు కాబట్టి బరువు మీకు సమస్య కాదు. 9 ఎంఎం తూటా చాలదని కౌంటర్ దగ్గర ఎవరైనా పెద్దమనిషి అంటే నవ్వి ఊరుకోండి. ఎఫ్‌బీఐ వాళ్ళే కొన్నేళ్ళు అంతకన్నా పెద్దదైన పాయింట్ 40 తూటా వాడి, 2010ల మధ్యలో మళ్ళీ 9 ఎంఎంకి వచ్చేశారు.

మూడింటిలో ఏది? టారస్ జీ3 బ్రెజిల్ కంపెనీది, నాలుగంగుళాల బ్యారెల్ (గొట్టం). తూటా వెనక ఉండే క్యాప్ పేలకపోతే మళ్ళీ ట్రిగ్గర్ నొక్కే వీలుంది, చాలావాటికి పేలకుండా ఆపడానికి బొటనవేలితో వేసే సేఫ్టీ మీట కూడా ఉంటుంది. టారస్ పేరు చెప్పగానే కొందరు మొహం చిట్లిస్తారు. కారణం లేకపోలేదు. కింద పడితే పేలుతున్నాయన్న ఆరోపణ మీద పాత పీటీ మోడళ్ళ కేసులో ఆ కంపెనీ 2015లో సెటిల్‌మెంట్‌కి వచ్చింది. జీ3 ఆ తర్వాత వచ్చిన డిజైన్. కానీ ఎక్కువ డబ్బు పోస్తే ఈ గొడవలుండవని కూడా అనుకోకండి. సిగ్ కంపెనీవాళ్ళ ఖరీదైన పీ320 పిస్టల్ కూడా కింద పడే పరీక్షల్లో పేలిందని తేలాక, 2017లో కోరినవాళ్ళకి కంపెనీ ఉచితంగా భాగాలు మార్చి ఇచ్చింది. ఏది కొన్నా సీరియల్ నంబర్ కంపెనీ సైట్‌లో కొట్టి రీకాల్ ఏమైనా ఉందేమో చూడడం మీ పని.

కానిక్ టర్కీలోని సామ్‌సన్ నుంచి వస్తుంది. నాలుగున్నర అంగుళాల బ్యారెల్, 18 రౌండ్లు, అంటే తూటాలు, పట్టే మ్యాగజీన్, ఆ ధరకి ఆశ్చర్యపడేంత మంచి ట్రిగ్గర్. పెట్టెలో హోల్‌స్టర్ (పిస్టల్ తొడుగు) కూడా పెట్టి ఇస్తారు. నేర్చుకునేవాళ్ళకి మంచి ట్రిగ్గర్ వరం, ఎందుకంటే తప్పు తమదో పిస్టల్‌దో తెలుస్తుంది. కానీ అదే తేలిక ట్రిగ్గర్ అజాగ్రత్త మనిషి చేతిలో పడితే ప్రమాదం, దీనికి విడిగా సేఫ్టీ మీట కూడా లేదు. గ్లాక్ 17 గురించి చెప్పేదేముంది, 1980లలో ఆస్ట్రియా సైన్యం తీసుకున్నప్పటి నుంచి నలుగురూ నడిచిన దారి. విడిభాగాలు, మ్యాగజీన్లు ఏ షాపులోనైనా దొరుకుతాయి, అమ్మితే డబ్బు తిరిగొస్తుంది. నన్నే ఎంచుకోమంటే మీ అవసరానికి కానిక్ వైపు మొగ్గుతాను. అయితే నా చెయ్యి మీ చెయ్యి కాదు, మీ ఆవిడ చెయ్యి అంతకన్నా కాదు.

అందుకే కొనకముందే మీరిద్దరూ కలిసి అద్దెకి గన్లు ఇచ్చే రేంజ్‌కి వెళ్ళండి. పాపని బావమరిది దగ్గర వదిలేస్తే వాడికి చెయ్యాల్సిన పని దొరుకుతుంది. మూడూ అద్దెకి తీసుకుని ఒక్కోదానితో ఒక పెట్టె, అంటే 50 రౌండ్లు కాల్చండి. ఎంత బాగా తగిలిందో చూడకండి, మొదటి రోజు ఎవరికీ తగలదు. చూడాల్సింది వేరు. పిస్టల్ పట్టుకున్నప్పుడు వెనక భాగం బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య సరిగ్గా కుదిరి, చూపుడువేలి మొదటి కణుపు ట్రిగ్గర్ మీదికి దానంతటదే రావాలి. దాన్ని అందుకోవడానికి పట్టు తిప్పాల్సి వస్తోందంటే ఆ పిస్టల్ మీ చేతికి పెద్దది. కొన్నింటికి పిడి వెనక పలక మార్చుకునే వీలుంటుంది, అడగండి. స్లైడ్ లాగలేకపోతున్నానని మీ ఆవిడ అంటే ఓడిపోయినట్టు కాదు. స్లైడ్‌ని వెనక్కి లాగడం కన్నా, దాన్ని ఎడమ అరచేత్తో గట్టిగా పట్టుకుని కుడిచేత్తో పిస్టల్‌ని ముందుకి తొయ్యమనండి. గొట్టం మాత్రం ఎప్పుడూ టార్గెట్ వైపే ఉండాలి. అలా చేసినా రాకపోతే ఆ మోడల్ లిస్టులోంచి తీసెయ్యండి. ఇద్దరికీ కుదరనిది ఇంటి పిస్టల్ కాదు.

కొన్నాక అసలు పరీక్ష మొదలవుతుంది. ఇక్కడ నా సిగ్గుమాలిన కథ ఒకటి చెప్పాలి. నేను మొదట కొన్నదీ చవక పిస్టలే, కంపెనీ పేరు అనవసరం. ప్రాక్టీస్ తూటాలు మూడొందలు కాల్చాను, ఒక్కసారి కూడా ఆగలేదు. గర్వంగా ఇంటికొచ్చి తగిలాక విచ్చుకునే ఖరీదైన హాలో పాయింట్ తూటాలు నింపి సేఫ్‌లో పెట్టాను. ఆరు నెలల తర్వాత పాతబడ్డాయని వాటినే రేంజ్‌లో కాల్చబోతే రెండో రౌండే ఛాంబర్‌లోకి, అంటే గొట్టం వెనక తూటా కూర్చునే అరలోకి, ఎక్కకుండా ఇరుక్కుంది. ఇంకో మ్యాగజీన్ పెట్టినా అంతే. గుండ్రటి ముక్కున్న ప్రాక్టీస్ తూటా జారిపోయినట్టు, మూతి తెరుచుకున్న హాలో పాయింట్ జారలేదు. అంటే ఆరు నెలలూ ఒక్క గుండు పేల్చే ఇనుప ముక్కని రక్షణ అనుకుని పడుకున్నాను.

మీరలా చేయొద్దు. కొత్త పిస్టల్‌ని ముందు తుడిచి, కాస్త నూనె వేసి, మామూలు 115 గ్రెయిన్ (తూటా బరువు కొలత) తూటాలు 200 కాల్చండి. ఈ రెండొందల్లో ఒకటీ అరా ఇరుక్కుంటే క్షమించొచ్చు, కొత్త స్ప్రింగులు. తర్వాతి 200లో ఒక్కటి కూడా ఇరుక్కోకూడదు. ఆ పైన, ఇంట్లో ఏ హాలో పాయింట్ ఉంచుదామనుకుంటున్నారో సరిగ్గా ఆ కంపెనీ, ఆ బరువు తూటాలు రెండు మ్యాగజీన్ల నిండా కాల్చాలి. డాలరుకి పైనే పడుతుంది ఒక్కోటి, మనసు చివుక్కుమంటుంది, అయినా కాల్చాలి. మ్యాగజీన్ల అడుగున పెయింట్ పెన్‌తో 1, 2 అని రాయండి. ఇరుక్కున్నవన్నీ రెండో దాంట్లోనే అయితే తప్పు మ్యాగజీన్‌ది, పాతిక ముప్ఫై డాలర్లతో పోతుంది. మీరు కాల్చినప్పుడు బాగానే ఉండి, మీ ఆవిడ కాల్చినప్పుడే పేలిన తూటాల ఖాళీ డొల్లలు స్లైడ్‌లో ఇరుక్కుంటుంటే మణికట్టు వదులుగా ఉందన్నమాట. పట్టు బిగిస్తే సర్దుకుంటుంది. రెండోసారి 200 కాల్చినా ఇబ్బంది పెడుతూనే ఉంటే కంపెనీకి పంపండి. ఈలోగా దాన్ని నమ్ముకోవద్దు.

ఇప్పుడు డబ్బు లెక్క వేసి చూడండి. జీ3కీ గ్లాక్‌కీ తేడా 250 డాలర్లు. ప్రాక్టీస్ తూటా ఒక్కోటి పాతిక సెంట్ల చొప్పున వేసుకుంటే అది వెయ్యి రౌండ్లు. కొత్త మనిషిని ఓ మాదిరి షూటర్‌ని చేసేవి ఆ వెయ్యి రౌండ్లే, పిస్టల్ మీద పేరు కాదు. చవకది కొనడంలో ఉన్న ఒకే ఒక్క అర్థం ఇది. మిగిలిన డబ్బు టీవీకి పోతే, చవక పిస్టల్ నిజంగానే చవక పిస్టల్ అవుతుంది.

ప్రాక్టీస్ గురించి క్లుప్తంగా. మొదట ఒక క్లాసు తీసుకోండి, యూట్యూబ్ కాదు. టార్గెట్ ఐదు గజాల్లో పెట్టండి, ఇంట్లో దూరాలు సుమారుగా అంతే. కుడిచేతివాటం మనిషికి తూటాలన్నీ కింద ఎడమవైపు పడుతుంటే సైట్స్ తిప్పకండి, శబ్దం వస్తుందని ముందే భయపడి చెయ్యి కిందికి నొక్కుతున్నారు. పేలని డమ్మీ రౌండ్లు రెండు మూడు మామూలువాటిలో కలిపి మీ మ్యాగజీన్‌ని మీ ఆవిడ నింపాలి, ఆవిడది మీరు నింపాలి. పేలని రౌండ్ వచ్చినప్పుడు పిస్టల్ మూతి ఎంత కిందికి ఊగిందో ఇద్దరికీ కనపడుతుంది. నవ్వుకుంటారు కూడా. ఇండోర్ రేంజ్‌లో చెవుల్లో ప్లగ్‌లు పెట్టుకుని వాటి మీద మఫ్స్ కూడా వేసుకోండి, 9 ఎంఎం శబ్దం 150 డెసిబెల్స్ దాటుతుంది. అక్కడి గాలిలో సీసం ఉంటుంది. ఇంటికి రాగానే పాప పరిగెత్తుకొస్తుంది. ఎత్తుకోకండి. సబ్బుతో చేతులు, మొహం కడిగి, బట్టలు మార్చుకుని అప్పుడు ఎత్తుకోండి.

శుభ్రం చేసేటప్పటి మాట విడిగా చెప్పాలి. మీరు చూస్తున్న ఈ రకం పిస్టళ్ళు చాలావాటిని విప్పాలంటే ముందు ట్రిగ్గర్ నొక్కాలి. మ్యాగజీన్ తీసేశాం కదా ఖాళీ అయిపోయిందనుకుంటారు, ఛాంబర్‌లో ఒక రౌండ్ ఉండిపోతుంది. 2024 నవంబరులో తెలంగాణ నుంచి వచ్చిన ఒక స్టూడెంట్ తన గన్ శుభ్రం చేసుకుంటుండగా పేలి చనిపోయాడని వార్తల్లో మీరూ చదివే ఉంటారు. ముందు మ్యాగజీన్ తియ్యాలి, తర్వాత స్లైడ్ లాగి పట్టి ఛాంబర్‌లోకి కంటితో చూసి, చిటికెనవేలు పెట్టి తడమాలి. శుభ్రం చేయడం అయ్యేదాకా తూటాలు ఆ గదిలోనే ఉండకూడదు. పండగకి వచ్చిన ఫ్రెండ్స్‌కి చూపించడానికి బయటికి తియ్యనే వద్దు.

ఇక రాత్రి. ఇది రాయడానికే మిగతాదంతా రాశాను.

దిండు కింద, బీరువా పైన, చీరల మధ్య, ఇవేవీ దాచే చోట్లు కావు. ఆరేళ్ళ పాపకి మీ ఇంట్లో తెలియని చోటు లేదు, చాక్లెట్లు ఎక్కడ దాచారో అడిగి చూడండి. పేలడానికి సిద్ధంగా ఉన్న గన్‌ని అజాగ్రత్తగా వదిలేసి, అది 17 ఏళ్ళ లోపు పిల్లలకి అందితే టెక్సాస్‌లో నేరం కూడా. మంచం పక్కన గోడకో, మంచం కోడుకో బిగించే చిన్న సేఫ్ 150 నుంచి 250 డాలర్లలో వస్తుంది. బటన్లు నొక్కి చీకట్లో మూడు నాలుగు సెకన్లలో తెరవగలగాలి. వేలిముద్రవి తడి చేతికి మొరాయిస్తాయి, నాకు బటన్లే ఇష్టం. బ్యాటరీ ఏడాదికోసారి పుట్టినరోజున మార్చండి, గుర్తుంటుంది.

మీ నాన్నగారు వచ్చిన మొదటి వారం తలుచుకోండి. జెట్‌లాగ్‌తో రాత్రి రెండింటికి మెలకువ వస్తుంది. మిమ్మల్ని లేపడం ఇష్టం లేక లైటు వెయ్యకుండా గోడ పట్టుకుంటూ కిందికి దిగుతారు. ఫ్రిజ్ తలుపు, గిన్నె చప్పుడు. ఇంటి అలారం సంగతి అలవాటు లేదు కాబట్టి పెరటి తలుపు తీసి గాలికి నిలబడినా నిలబడతారు. వీధిలో దొంగతనం జరిగిన భయంలో ఉన్న మీకు ఆ చప్పుడు ఎలా వినిపిస్తుంది? అందుకే చేతి టార్చ్ ఒకటి సేఫ్ పక్కనే ఉండాలి, విడిగా. పిస్టల్‌కి బిగించే లైటు మంచిదే గానీ, దాంతో ఎవరో చూడాలంటే గొట్టం వాళ్ళ మీదికే పెట్టాలి. ఆ ఎదురుగా ఉన్నది నాన్న కావొచ్చు. మనిషెవరో కంటితో చూడకుండా, గట్టిగా పేరు పెట్టి అడగకుండా వేలు ట్రిగ్గర్ మీదికి వెళ్ళకూడదు. అసలు ఇల్లంతా వెతకడానికి బయల్దేరనే వద్దు. పాపని మీ గదిలోకి తెచ్చుకుని తలుపు వేసి, 911కి ఫోన్ చేసి, పెద్దవాళ్ళ గదికి కూడా ఫోన్ చెయ్యండి. వాళ్ళు ఎక్కడున్నారో తెలిశాకే మిగతా ఆలోచన.

మీ ఇంటి గోడ విజయవాడ ఇంట్లో ఇటుక గోడ లాంటిది కాదు. అరంగుళం జిప్సం బోర్డు అటొకటి, ఇటొకటి, మధ్యలో గాలి. 9 ఎంఎం తూటా అలాంటి గోడలు వరసగా కొన్ని దాటిపోతుంది. హాలో పాయింట్ అయినా దాని మూతిలో జిప్సం పొడి నిండిందంటే విచ్చుకోకుండా మామూలు తూటాలాగే పోతుంది. మీ గది తలుపు దగ్గర నిలబడి చూడండి. ఎటు కాలిస్తే ఆ వరసలో పాప గది ఉంది, ఎటు పక్కింటివాళ్ళున్నారు. ఒక ఆదివారం పగలు, చేతిలో ఏమీ లేకుండా ఇద్దరూ కలిసి ఇది తేల్చుకోండి. బలవంతంగా జొరబడిన వాడి విషయంలో టెక్సాస్ చట్టం ఇంటివాళ్ళ పక్షానే ఉంటుందని షాపులో చెప్తారు. నిజమే, కానీ గోడ దాటిపోయిన తూటా గురించి ఆ మాట చెప్పరు.

చివరగా ఒక చిన్న విషయం. రేంజ్‌కి తీసుకెళ్ళే బ్యాగ్ దానికే ఉంచండి, ఇంకే పనికీ వాడకండి. మన ఇళ్ళలో ఖాళీ బ్యాగ్ కనిపిస్తే అమ్మ అందులో ఊరికి తీసుకెళ్ళే సామాను సర్దేస్తుంది. పక్క జేబులో మరిచిపోయిన ఒక్క తూటా ఇక్కడి ఎయిర్‌పోర్ట్‌లో బయటపడితే ఒక రకం తలనొప్పి. ఇక్కడ తప్పించుకుని శంషాబాద్‌లోనో గన్నవరంలోనో బయటపడితే ఆయుధాల చట్టం కింద కేసు, అదీ మీ నాన్నగారి మీద. వాళ్ళ తిరుగు ప్రయాణానికి కొత్త బ్యాగ్ కొనివ్వండి.